చీటీ అందుకున్నాక అడగవలసిన మాట

పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ళు పని దిగి ఇళ్ళకు వెళ్ళే దారిలోనే మా మందుల షాపు ఉంది. రోజంతా వంగి కూర్చుని జీడిగింజలు కొట్టి, పప్పు మీది పొర తీసే పని వాళ్ళది కాబట్టి సాయంత్రమయ్యేసరికి నడుమూ మెడా పట్టేస్తాయి. వాళ్ళు ఎక్కువగా అడిగేది నొప్పుల బిళ్ళలే. కిందటి వేసవిలో ఒకనాటి సాయంత్రం యాభై ఏళ్ళు పైబడిన ఒకావిడ వచ్చి, అరచేతిలో ఒక స్ట్రిప్పు ముక్క చూపించి, "ఇయ్యే బిల్లలు ఓ పది ఇయ్యమ్మా" అన్నది. ఆ ముక్క మీద మందు పేరు సగమే మిగిలి ఉంది. గడువు తేదీ ఉండవలసిన అంచును ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు. వెనుక రేకు మీద మిగిలిన అక్షరాలను బట్టి అది డైక్లోఫెనాక్ అని పోల్చుకున్నాను.

ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారని అడిగాను. "మూడేళ్ళవుతాది. పొద్దుట ఒకటి, రేతిరి ఒకటి యేసుకుంతే గాని సెయ్యి లెగదు" అన్నది. బీపీ ఉందా అంటే ఉందన్నది. ఏ బిళ్ళ వాడుతున్నారంటే సంచిలోంచి మరో స్ట్రిప్పు తీసింది. అది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ కలిసిన బిళ్ళ. కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించారా అని అడిగేసరికి ఆవిడ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం నా చేతిలో పెట్టింది. అందులో కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, సీరం క్రియాటినిన్, 2.8 అని ఉంది. ఆడవాళ్ళలో అది సాధారణంగా 1కి అటూ ఇటూగా ఉండవలసిన అంకె. ఊళ్ళో పెట్టిన శిబిరంలో పరీక్ష చేసి కాగితం ఇచ్చారట. ఆ కాగితాన్నీ, బీపీ బిళ్ళనూ, నొప్పుల బిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఆ మూడేళ్ళలో ఒక్కరూ లేరు.

ఫార్మసిస్టు చదువు దేనికి అని నన్ను ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికే అని. చీటీ మీద రాసిన పేరు చదివి, అరలోంచి ఆ పెట్టె తీసి, బిల్లు వేసి ఇవ్వడానికి రెండేళ్ళ చదువు అక్కరలేదు. చురుకైన మనిషి ఆరు నెలల్లో నేర్చుకుంటాడు. చదువు అవసరమయ్యేది ఆ చీటీ చేతికి వచ్చిన తరువాత, మందు చేతులు మారకముందు, మధ్యలో ఉండే ఆ రెండు నిమిషాల్లో.

ఆ బిళ్ళల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కిడ్నీలో రక్తం వడపోసే సన్నని గుత్తికి ఒక నాళం రక్తాన్ని తెస్తుంది, మరొకటి తీసుకుపోతుంది. తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పనిలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల పాత్ర ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే గనుక, నొప్పితోపాటు కిడ్నీకి చేరే రక్తమూ తగ్గుతుంది. టెల్మిసార్టాన్ తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. విడివిడిగా చూస్తే ఆ రెండూ బీపీకి మంచి మందులే. కానీ ముందు నాళం ముడుచుకుని, వెనుక నాళం వదులై, పైగా నీరు తగ్గితే వడపోతకు కావలసిన ఒత్తిడి నిలవదు. మే నెల ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషికి ఆ ముప్పు మరింత ఎక్కువ.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, మనం ఉద్దానం అని పిలుచుకునే ఈ కొబ్బరి, జీడి తోటల నేల మీద, కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్ళను తాకిందో ఇక్కడివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి మూలకారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు, నొప్పుల బిళ్ళలే కారణమని నేను అనడం లేదు. అయితే ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఆ బిళ్ళలు మరింత దెబ్బతీస్తాయన్నది వైద్యశాస్త్రం ఖాయంగా చెప్పిన మాట. అందువల్ల మరెక్కడైనా మందుల షాపులో బీపీ, కిడ్నీల సంగతి అడగకపోతే అది పొరపాటు అనుకోవచ్చు గాని, ఉద్దానంలో అడగకపోవడం నా దృష్టిలో పని ఎగ్గొట్టడమే. ఆవిడకు ఆ రోజు డైక్లోఫెనాక్ ఇవ్వలేదు. చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదన్నది చట్టం చెప్పే మాట. చీటీ ఉన్నా ఆ క్రియాటినిన్ చూశాక రాసిన డాక్టరుకు ఫోను చేయకుండా ఇవ్వకూడదన్నది మా చదువు చెప్పే మాట. రెండు రోజులకు సరిపడా పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, మర్నాడే పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళమనీ, వెళ్ళేటప్పుడు ఆ రెండు స్ట్రిప్పులూ కాగితమూ ఒకే సంచిలో పట్టుకెళ్ళమనీ చెప్పాను.

ఈ చదువు ఎలా ఉంటుందో పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులు తరచుగా అడుగుతారు. ఇంటర్‌లో బైపీసీ గాని ఎంపీసీ గాని చదివినవారు డి.ఫార్మసీలో చేరవచ్చు, అది రెండేళ్ళు. బి.ఫార్మసీ నాలుగేళ్ళు, డి.ఫార్మసీ చేసినవారికి అందులో నేరుగా రెండో ఏడాదిలో ప్రవేశం ఉంటుంది. 2008లో మొదలైన ఫార్మ్-డి ఆరేళ్ళ చదువు, అందులో చివరి ఏడాది పూర్తిగా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు. వార్డుల్లో తిరిగి, రోగి వాడుతున్న మందులన్నీ రాసుకుని, ఏ మందుకు ఏ మందు పడదో డాక్టరుకు చెప్పే క్లినికల్ ఫార్మసిస్టులు ఎక్కువగా ఈ చదువునుంచి వస్తున్నారు. వీటన్నిటికీ ప్రమాణాలు నిర్ణయించేది 1948 నాటి ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఆ చట్టం రాకముందు మందులు కలిపి ఇచ్చే పని కాంపౌండర్లది. డాక్టరు పక్కన నిలబడి ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నవారు వాళ్ళు. వాళ్ళలో గొప్ప పనిమంతులున్నారు, మా పెద్దలు ఇప్పటికీ ఫార్మసిస్టును కాంపౌండరు గారనే పిలుస్తారు. మన ఉత్తరాంధ్రవరకు చూస్తే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లోనే ఫార్మసీ చదువు మొదలైంది.

డి.ఫార్మసీ సిలబస్‌లో మందుల తయారీ, రసాయన శాస్త్రం, మూలికలు, శరీర నిర్మాణం, మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే ఫార్మకాలజీ, చట్టం అన్నీ ఉంటాయి. వాటన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది పరీక్షల తరువాతి 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. ఆ గంటలను మూడు నెలలకు తగ్గకుండా చేయాలి, అందులో కనీసం 250 గంటలు నిజమైన చీటీలకు నిజమైన రోగులకు మందులిస్తూ గడపాలి. నేను ఆ శిక్షణను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటరులో చేశాను. అక్కడి సీనియరు ఫార్మసిస్టు గారు మొదటి వారం నన్ను ఒక్క బిళ్ళ కూడా ఇవ్వనివ్వలేదు. చీటీని మూడుసార్లు చదవాలని నేర్పారు: అరలోంచి మందు తీసేటప్పుడు ఒకసారి, లెక్కపెట్టి కవరులో వేసేటప్పుడు ఒకసారి, రోగి పేరు పిలిచి చేతికి ఇచ్చేముందు ఒకసారి. పేరు కూడా "మీరు ఫలానానా?" అని అడగకూడదు, "మీ పేరేమిటి?" అని అడిగి వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలనేవారు. ఎందుకంటే జ్వరంతో, చెవుడుతో, కంగారుతో ఉన్న మనిషి ఏ పేరుకైనా అవునని తలూపేస్తాడు. స్ట్రిప్పు కత్తిరించవలసి వస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న అంచును చివరిదాకా కదపకూడదనీ, కత్తిరించిన ముక్కతో వెళ్ళే రోగికి ఆ తేదీని కవరు మీద రాసి ఇవ్వాలనీ నేర్పినదీ ఆయనే. జీడి పరిశ్రమ నుంచి వచ్చిన ఆవిడ అరచేతిలోని ముక్కను చూసినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ మాటే.

ఇక్కడ ఒక బాధ చెప్పకుండా ముందుకు పోలేను. నాతో చదివినవారిలో కొందరు ఆ 500 గంటల్లో ఒక్క గంటయినా చేయలేదు. తెలిసిన షాపులో సంతకం, ముద్ర వేయించుకుని కాగితం సమర్పించారు. చదువు అయ్యాక వాళ్ళలో కొందరు తమ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును మరొకరి షాపు లైసెన్సుకోసం నెలవారీ మొత్తానికి ఇచ్చి, తాము వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం చేసుకున్నారు. నేను మొదట పనికి కుదిరిన షాపులో గోడకు వేలాడుతున్న సర్టిఫికెట్టు మీది మనిషిని నేను అక్కడ పనిచేసిన ఏడాదిన్నరలో ఒక్కసారీ చూడలేదు. ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీకి మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 2022 నవంబరులో బీహారుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, నకిలీ ఫార్మసిస్టుల చేతుల్లో, అసలు ఫార్మసిస్టే లేకుండా మందుల దుకాణాలు నడవకుండా చూడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదీ ఫార్మసీ కౌన్సిల్‌దీ అని గట్టిగా చెప్పింది. అదే ఏడాది కౌన్సిల్ డి.ఫార్మసీ పూర్తిచేసినవారికి రిజిస్ట్రేషనుకు ముందు ఎగ్జిట్ పరీక్ష పెట్టే నిబంధనలు తెచ్చింది. పరీక్ష మంచిదే. కానీ 250 గంటలు నిజంగా కౌంటరులో నిలబడ్డారా లేదా అన్నది ఏ పరీక్షా కనిపెట్టలేదు. సంతకం పెట్టేవారు నిజాయితీగా ఉంటేనే అది సాధ్యం.

రోజువారీ పనిలో రిజిస్టర్లు, బిల్లులు, గడువు దగ్గరపడ్డ సరుకును ముందు వరుసకు తేవడం, హోల్‌సేల్ ఏజెన్సీకి వాపసు పంపడం వంటివన్నీ ఉంటాయి. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటుపడే మందులు షెడ్యూల్ హెచ్-1 అనే జాబితా కిందికి వచ్చాయి కాబట్టి వాటికి డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రాసి ఆ రిజిస్టరును మూడేళ్ళు దాచాలి. వీటి గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఇన్సులిన్ గురించి.

మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులో వేసే కార్ట్రిడ్జిల్లోది 100 యూనిట్లు. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. డాక్టరు 20 యూనిట్లని రాస్తే, 40 సీసాలోంచి పొరపాటున 100 సిరంజితో 20 గీతవరకు తీసుకున్న మనిషికి ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. చక్కెర తగ్గడం లేదని మోతాదు పెంచుతూ పోతారు. అదే తారుమారై 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో తీసుకుంటే 20 గీత దగ్గర 50 యూనిట్లు వెళ్తాయి. తెల్లవారేసరికి మనిషి స్పృహలో ఉండకపోవచ్చు. అందుకే ఇన్సులిన్ సీసా కొనేవారిని ఇంట్లో ఉన్న సిరంజి మూత రంగు అడగకుండా నేను పంపను. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా సరే.

అంతకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి ఈ మందును వారానికి ఒక్కసారే వేసుకోవాలి, దానివల్ల కలిగే ఇబ్బందులను తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్ళలే. చూపు తగ్గిన ముసలమ్మ రోజూ వేసుకోవలసిన బిళ్ళా, వారానికొకసారి వేసుకోవలసిన బిళ్ళా ఒకటనుకుంటే నోరు పుండ్లుపడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. చదవడం రాని పేషెంటుకు ఎలా చెప్పాలి? మెథోట్రెక్సేట్ కవరు మీద ఎర్ర పెన్నుతో ఒక పెద్ద సున్న చుట్టి, "ఇది సంత రోజునే" అని చెబుతాను. వాళ్ళ ఊరికి దగ్గరి వారపు సంత ఏ రోజో అడిగి, ఇంట్లో చదువుకున్న మనవరాలి చేత ఆ రోజు పేరు కవరు మీద రాయిస్తాను. రాసిన పిల్ల మరచిపోదు, అవ్వను మరవనివ్వదు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండింటి వెనుకా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన ఉంది. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు మన జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి దగ్గరుండి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాలనుంచి వచ్చినదే. ఆ మాట చెప్పినప్పుడు మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లల మొహాల్లో వెలుగు కనిపిస్తుంది. అందుకే ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను.

ఇక షాపులో నాతోపాటు పనిచేసే కుర్రాడి సంగతి. అందరూ కుర్రాడనే పిలుస్తారు గాని అతనికి ముప్పై దాటాయి. పదకొండేళ్ళుగా ఇదే షాపులో ఉన్నాడు, కళ్ళు మూసుకుని ఏ అరలో ఏముందో చెప్పగలడు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో ఉదయం, సాయంత్రం చూసి రాసేది అతనే. అటువంటి మనిషికి మన చట్టంలో పేరు లేదు, రిజిస్టరు లేదు. బ్రిటన్‌లో ఫార్మసీ టెక్నీషియన్ అనేది గుర్తింపు ఉన్న వృత్తి, 2011 నుంచి అక్కడ వాళ్ళకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమెరికాలో 1995 నుంచి టెక్నీషియన్లకు జాతీయ స్థాయిలో పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే బోర్డు ఉంది. అక్కడ మందు తీయడం, లెక్కపెట్టడం, లేబులు అంటించడం, సరుకు చూడడం టెక్నీషియను పని. రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు పని. ఆ గీత స్పష్టంగా ఉండడం వల్ల ఇద్దరికీ గౌరవం దక్కుతుంది. మన దగ్గర ఫార్మసీ అసిస్టెంట్ పేరుతో నైపుణ్య శిక్షణ కోర్సులు వచ్చాయి గాని, పలాస వంటి ఊళ్ళలో షాపుల్లో ఉన్నవారిలో ఆ కోర్సు చేసినవారు నాకింతవరకు తారసపడలేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదివరకు కౌంటరు ముందు ఇరవైమంది నిలబడినప్పుడు ఒక్క ఫార్మసిస్టే మందు తీసి, బిల్లు వేసి, వివరించి చెప్పాలంటే వివరించడం అన్నదే ముందుగా ఎగిరిపోతుంది. ఫార్మసిస్టు నోరు తెరిచే తీరిక ఉండాలంటే అతని పక్కన శిక్షణ పొందిన రెండో మనిషి ఉండాలి. ఈ మాట షాపు యజమానులకు ఖర్చులా వినిపిస్తుందని నాకు తెలుసు.

చట్టం ఆ గీత గీసేలోగా మా షాపులో మేమే గీసుకున్నాం. చీటీ ప్రకారం మందులు తీసి, చీటీతో సహా ట్రేలో పెట్టడంవరకు అతనిది. ట్రేలోంచి తీసి రోగి చేతికి ఇవ్వడం నాది. నొప్పుల బిళ్ళలు, ఇన్సులిన్, మెథోట్రెక్సేట్, రక్తం పలచబడే మందులు, ఫిట్స్ మందులు ఎవరడిగినా, ఎంతమంది వరుసలో ఉన్నా నన్ను పిలవాలి. నేను లేకపోతే ఇవ్వకూడదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే ఆ గంట ఆ మందులు మా షాపులో దొరకవు. మొదట్లో అతను దీన్ని అవమానంగా తీసుకున్నాడు. "పదకొండేళ్ళ బట్టి ఇస్తన్నాను, ఇప్పుడు కొత్తగా ఏటొచ్చింది మేడమ్?" అని అడిగాడు. అడగడంలో తప్పులేదు. ఏమొచ్చిందో చెప్పవలసిన బాధ్యత నాదే కాబట్టి, ఒక మధ్యాహ్నం బేరం లేని వేళ ఏజెన్సీ బిల్లు వెనుక కిడ్నీ బొమ్మ గీసి, రక్తం తెచ్చే నాళం, పోయే నాళం చూపించి, ఆ జీడి ఆవిడ రెండు స్ట్రిప్పులు, ఒక కాగితం కథ చెప్పాను. నేను బొమ్మ గీసిన ఆ కాగితం అతను పారేయలేదు. కౌంటరు లోపలివైపు, బయటివాళ్ళకు కనిపించనిచోట, టేపుతో అంటించుకున్నాడు.

ఇప్పుడు ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదువుతున్నాడు. ఆ తరువాత డి.ఫార్మసీ చదవాలని ఆశ. కాలేజీకి రోజూ వెళ్ళి హాజరు వేయించుకోవాలి కాబట్టి రెండేళ్ళపాటు ఈ జీతం వదులుకోవాలి, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. పదకొండేళ్ళ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని, పని చేసుకుంటూనే పైకి ఎక్కే మెట్టు ఒకటి అటువంటివారికి మన వ్యవస్థలో ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కిందటి నెల నేను వెనుక గదిలో సరుకు దించుకుంటున్నప్పుడు కౌంటరు దగ్గరినుంచి అతని గొంతు వినిపించింది. మందసవైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నొప్పుల బిళ్ళలు అడుగుతున్నాడు. "తాతా, నీకు బీపీ ఉందేటి? కిడ్నీ టెస్టు కాయితం ఏదైనా ఉంతే తియ్యి. ఆ బిల్లలు యేస్తే నొప్పి తగ్గద్ది గాని, కిడ్నీకెల్లే నెత్తురు కూడా తగ్గిపోద్ది. ఉండు, మేడమ్‌ని పిలుస్తాను" అన్నాడు. నేను బయటికి వచ్చేసరికి ఆ పెద్దాయన జేబులోని కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి ట్రేలో పెడుతున్నాడు.